టీవీ కోసమని అల్లిన దుప్పటి

కర్నూలులో మొన్న మా బంధువులమ్మాయి సీమంతానికి పోయాను. సీమంతం అనడం ఇప్పుడు చిన్నతనంగా ఉంది కాబోలు, పిలుపులో బేబీ షవర్ అని వేయించారు. ఫంక్షన్ హాలు వాకిట్లో బెలూన్ల తోరణం, లోపల దూదితో చేసిన మబ్బులు, మబ్బుల కింద గాలి ఊదిన ఏనుగు. ఆ ఏనుగు పక్కన పెద్ద బల్ల మీద, ఇంకా పుట్టని బిడ్డకు కావలసినవన్నీ పేర్చిపెట్టారు. ఉయ్యాల, బూట్లు, టోపీలు సరే, పళ్ళు తోముకునే బ్రష్షు కూడా ఉంది. అన్నిటికంటే పైన ఒక క్రోషియా దుప్పటి. "చేత్తో అల్లిందత్తా, ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పిచ్చుకున్న్యాం" అని ఆ అమ్మాయి సంబరంగా చెప్పింది. నేను అంచు పట్టుకుని తిరగేసి చూశాను. అలవాటు అది, మానలేను. ఒక వరసలో కుట్లు పెరిగాయి, పై వరసలో తగ్గాయి, అంచు వంకర్లు తిరిగింది. ఊలు బుడిపెలు ఒత్తుగా ఉండాల్సిన చోట వేలు దూరేంత సందులున్నాయి. వదులుగా అల్లితే ఊలు తక్కువ పడుతుంది, పని తొందరగా తెములుతుంది. పసిబిడ్డ వేలు ఆ సందులో ఇరుక్కుంటుందన్న ఆలోచన అల్లినవాళ్ళకూ రాలేదు, కొన్నవాళ్ళకూ రాలేదు. ఫొటోలో సందులు కనపడవు కదా.

"శానా బాగుండాదమ్మా" అన్నాను. ఏనుగు పక్కన నిలబెట్టి నాకూ ఒక ఫొటో తీశారు.

మా పెద్దమ్మ బతికుండి ఆ బల్ల చూసి ఉంటే అక్కడికక్కడే కళ్ళు తిరిగి పడిపోయేది. మైదుకూరులోని మా ఇంట్లో పుట్టబోయే బిడ్డ పేరు మీద నూలుపోగు కూడా కొనకూడదు, కుట్టకూడదు, అల్లకూడదు, అసలు ఆ మాటే ఎత్తకూడదు. బిడ్డ భూమ్మీద పడ్డాక పాత పంచె చింపి అందులో చుట్టాలి. అంతకుముందే ఏదైనా సిద్ధం చేస్తే, ఎవరో ఎక్కడో కాచుకుని ఉండి బిడ్డను ఎత్తుకుపోతారట. ఆ ఎవరో ఎవరని నేను చిన్నప్పుడు అడిగితే "గమ్మునుండు" అన్నారు. అంతకంటే వివరమైన జవాబు ఈనాటి వరకూ ఎవరి దగ్గరా దొరకలేదు.

మాది పసుపు వ్యాపారం. ముందర అంగడి, వెనక ఇల్లు, మధ్యలో బస్తాలు. పసుపు ఉడకబెట్టి ఎండబెట్టే కాలంలో ఊరంతా ఆ ఘాటు కమ్ముకునేది. మా ఇంట్లో అయితే ఏడాది పొడుగునా అదే వాసన. గోడల సున్నం, ఉతికి ఆరేసిన దుప్పట్లు, పెరుగు మీద కప్పిన గుడ్డ, ఆఖరికి గుమ్మంలో పడుకునే తెల్లపిల్లి కూడా పచ్చబడి ఉండేది. మా పెద్దనాయన కాటా దగ్గర కూర్చుని పసుపు కొమ్ము చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. విరిగిన చప్పుడును బట్టి సరుకు మంచిదో చెడ్డదో చెప్పేవాడు. ఆ విద్య నిజంగానే ఆయనకు వచ్చు. చిక్కేమిటంటే, లోకంలో తక్కినవన్నీ కూడా అట్లాగే తేలిపోతాయని ఆయన నమ్మకం. పెళ్ళి సంబంధాలూ, ఎన్నికల ఫలితాలూ, మనుషుల మనసులూ అన్నీ ఆయన చెవి దగ్గర విరిచి చెప్పినవే. చాలావరకు తప్పేవి. తప్పినవి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, నేను తప్ప.

మా పెద్దమ్మ ఇంటి పెత్తనం చూసేది. నడుముకు తాళాలగుత్తి, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. ఎవరు ముందు స్నానం చేయాలి, ఏ వారం ఏ దిక్కుకు పోకూడదు, ఎవరి ఎదురు మంచిది, అన్నీ ఆమె చెప్పినట్టే. నేను పదో తరగతితో ఆగిపోయి అంగట్లో ఒక మూల కూర్చుని తరుగులూ శాతాలూ నా అంతట నేనే నేర్చుకుంటున్న రోజులవి. "ఆడపిల్లకు ఇంత లెక్క ఏంటికి?" అని ఇంటికి వచ్చినవాళ్ళందరూ అడిగేవాళ్ళు. ఆ లెక్కలతోనే ఇప్పుడు బతుకుతున్నాను, అడిగినవాళ్ళు మాత్రం మళ్ళీ కనపడలేదు.

మా చిన్నాయన పెళ్ళి చేసుకుని ఆదోని నుంచి పిన్నమ్మను తెచ్చుకున్నాడు. ఆమె పేరు సులోచన. వస్తూ వస్తూ పెట్టెలో క్రోషియా సూదులు తెచ్చుకుంది. ఆదోనిలో పక్కింటి టీచరమ్మ దగ్గర నేర్చుకుందట. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, మా ఇంటి కట్టడి తెలియక, వసారాలో అందరి కళ్ళముందు కూర్చుని చిన్న టోపీ, మేజోళ్ళు అల్లింది. మగబిడ్డ నెలలు నిండకుండా పుట్టి, పుట్టిన కాసేపటికే పోయాడు. ఏడుపులు ఆగకముందే మా ఇల్లు కారణం కనిపెట్టేసింది. "ముందే అల్లి పెట్టింది, ఇంగేం నిలుస్తాడు?" అని మొదట పెద్దమ్మ అంది. తర్వాత మా అమ్మ అంది. అంగట్లో పెద్దనాయన అన్నాడు. కొన్నాళ్ళకు చిన్నాయన కూడా అన్నాడు. డాక్టరమ్మ రక్తపోటు అనీ, ముందుగా చూపించుకుని ఉండాల్సిందనీ చెప్పింది. ఆ మాట అర్థం కావాలంటే వినాలి. అల్లినందుకే పోయాడన్న మాటకు వినాల్సిన శ్రమ కూడా లేదు.

పిన్నమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. సూదులు పెట్టె అడుక్కు పోయాయి. అయితే పని మధ్యలో, చింతపండు పిసుకుతూనో బియ్యం ఏరుతూనో ఆగిపోయి, తన చేతుల వైపు చూసుకునేది. ఒకరోజు మిద్దె మీద వడియాలు పెడుతున్నప్పుడు నన్నడిగింది.

"నీకు లెక్కలొస్తాయి గదమ్మే, చెప్పు. నేను అల్లినందుకే వాడు పోయినాడంటావా?"

"ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని ఏ లెక్కా తేలదు పిన్నమ్మా" అన్నాను.

ఆమె వేలికొసన ఉన్న పిండిని గుడ్డ మీద వడియంగా పెట్టింది. "అట్లయితే ఇంకోసారి అల్లి చూడాల" అంది.

ఆ మాటకు నాకు భయం వేసింది. ఆమెకు వేయలేదు. ఒక బిడ్డను తన చేతులే పొట్టన పెట్టుకున్నాయో లేదో తేల్చుకోకుండా ఆమె ఇంకో బిడ్డను ఎత్తుకోలేదు. అది నాకు అప్పుడే అర్థమైంది.

మళ్ళీ నెల తప్పాక నేరుగా పెద్దమ్మ దగ్గరికే పోయింది. "అక్కా, ఊలు తెప్పిచ్చుకుంటా. దుప్పటి అల్లల్లని ఉండాది."

"ఎవురికి?" అంది పెద్దమ్మ, లవంగం నమలడం ఆపి.

ఇక్కడ మా పెద్దమ్మ శాస్త్రంలోనే ఒక ముడి పడింది. పుట్టబోయే బిడ్డకు ఏమీ అల్లకూడదు. కడుపుతో ఉన్నదాని కోరిక కాదనకూడదు. రెండూ ఆమె గట్టిగా పట్టుకున్నవే, ఇప్పుడు రెండూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. పెద్దమ్మ దేవుడి పటాల వైపు చూసింది. అక్కడ సలహా దొరకలేదేమో, ఆ పక్కనే ఉన్న టీవీ వైపు చూసింది.

"టీవీకి" అంది. "టీవీకని అల్లు. ఎవురడిగినా అదే చెప్పు. నీ మనసులో గూడా అదే అనుకో."

మా టీవీకి అప్పటికే కుచ్చుల ముసుగు ఉంది. రిమోట్‌కు కూడా ప్లాస్టిక్ తొడుగు ఉంది. మనుషుల చావుపుట్టుకలన్నీ పట్టి చూస్తున్న ఆ కాచుకున్నవాడెవడో, టీవీ ముసుగని చెప్తే నమ్మి వెనక్కి తిరిగిపోతాడని పెద్దమ్మ ఏర్పాటు. అంత తెలివితక్కువవాడికి అంతగా భయపడటం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

కర్నూలు నుంచి మీగడ రంగు ఊలు తెప్పించారు. ఎంత ఊలు కావాలో తేల్చే పని నాకు పడింది. పిన్నమ్మ చేత జానెడు ముక్క అల్లించి, అంగట్లో చిన్న తక్కెడలో తూచి, దుప్పటి కొలతకు హెచ్చవేశాను. "ఇప్పుడు ఊలు వ్యాపారం గూడా పెట్టినామా?" అని పెద్దనాయన ఎగతాళి చేశాడు. ఆయనకు టీవీ అనే చెప్పారు. మగవాళ్ళకు ఇట్లాంటివి చెప్పకూడదని అది ఇంకో నియమం. పసుపు దుమ్ము పడకుండా ఊలు ఉండను పాలపిండి డబ్బాలో పెట్టి, మూతకు బెజ్జం చేసి, అందులోంచి దారం బయటికి లాగాం. ఒకే కుట్టులో సూదిని మళ్ళీ మళ్ళీ గుచ్చి దారం లాగుతూ, అవన్నీ సూది మీదే నిలిపి, ఆఖర్న ఒక్కసారిగా ముడేస్తే ఒక బుడిపె లేస్తుంది. బుడిపెకూ బుడిపెకూ మధ్య కుట్లు సమంగా విడవాలి, పై వరసలో సరిగ్గా ఆ మధ్యలో ఇంకో బుడిపె లేవాలి. వరస చివర లెక్క నేను చూసేదాన్ని. నాలుగు వేళ్ళ వెడల్పు అల్లేసరికి దుప్పటి సీతాఫలం తోలులా తయారైంది. చేయి పెడితే తీయబుద్ధి కాదు. ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట కారే ఊళ్ళో, ఒళ్ళో అంత ఊలు వేసుకుని పిన్నమ్మ అల్లుతూనే ఉండేది.

వెనకింటి ఖాజాబీ రవికెలు కుట్టేది. గోడ మీదుగా తొంగి చూసి, "ఏందిమ్మా సులోచనా, మీ టీవీకి చలిజొరం గిన వచ్చిందా? మైదుకూరు ఎండల్లో టీవీకి రగ్గా?" అంది. పిన్నమ్మ తలెత్తకుండా "అవునక్కా, రాత్రంతా వణుకుతాండాది" అంది. పిన్నమ్మ నవ్వడం చాలాకాలానికి అప్పుడు చూశాను.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. అబద్ధం పట్టుగా ఉండాలని అప్పుడప్పుడూ దుప్పటిని తెచ్చి టీవీ మీద వేసి కొలిచేది. "ఇంకా జానెడు కావాల. ఎనకపక్క గూడా కప్పాల గదా" అనేది. నెలలు గడిచేకొద్దీ ఆమె నిజంగానే టీవీ గురించి ఆలోచిస్తోందని నాకు అనుమానం వచ్చింది.

పసుపు ఎండబెట్టే కాలంలో ప్రొద్దుటూరు నుంచి పెద్దమ్మ వియ్యపురాలు వచ్చింది. మా అక్క అత్తగారు. ఎక్కడికి పోయినా సోఫా గుడ్డల నుంచి గ్లాసుల దాకా పట్టి చూసే మనిషి. దుప్పటి దాదాపు అయిపోయి, అంచు మాత్రం మిగిలింది. ఆ పూట కొలతకని టీవీ మీదే వేసి ఉంది.

"ఏం పనితనం వదినా! ఎవురల్లినారు?"

"మా సులోచన. టీవీకి" అంది పెద్దమ్మ, అలవాటు కొద్దీ.

"టీవీకే ఇంత సింగారమా! మావాడు కొత్త టీవీ తెచ్చినాడు, బోసిగా పడుండాది. సరిగ్గా దీని కొలతే" అంటూ ఆమె బుడిపెల మీద చేయి తిప్పింది.

వియ్యపురాలు మెచ్చుకున్న వస్తువు ఆమె చేతికి పోవాలి. అది మర్యాద. పెద్దనాయన ఆ మర్యాద ఇంకెవరైనా చేస్తారేమోనని తొందరపడ్డాడు. "దానికేముండాదమ్మా, ఎత్తుకపో. మా సులోచన ఇంకోటల్లుకుంటాది. ఏమ్మా?"

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. కాదనాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్తే అది పుట్టబోయే బిడ్డదని నలుగురిలో నోటితో అన్నట్టు అవుతుంది. నెలల తరబడి కట్టిన గోడ ఆ ఒక్క మాటతో కూలుతుంది. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి గుమ్మాన్నే చూస్తోంది. వియ్యపురాలు దుప్పటి మడవడం మొదలుపెట్టింది. నాలుగు మడతలు పెట్టి చంకన పెట్టుకోబోతుండగా పిన్నమ్మ లేచింది.

"అది టీవీకి గాదు వదినా" అంది వియ్యపురాలితో. "నా బిడ్డకు. పుట్టబోయే బిడ్డకు అల్లినా."

వియ్యపురాలు కాలిన పెనం పట్టుకున్నదానిలా దుప్పటి వదిలేసింది. అది కింద పడింది. "అయ్యో, నేనేమన్న్యా! బాగుండాదని నోరారా అంటినే! నాకు చెప్పొద్దా వదినా?" అని, పడుకున్న పిల్లిని అదిలించి, వంటింట్లోకి పోయి ఉప్పు మిరపకాయలు తెచ్చి, ముందు దుప్పటికి దిష్టి తీసింది, తర్వాత పిన్నమ్మకు, ఎందుకైనా మంచిదని ఆఖర్న తనకు తనే తీసుకుంది. పొయ్యిలో వేసిన ఆ మిరపకాయల ఘాటుకు అందరం దగ్గుతుంటే పెద్దనాయన మాత్రం, "టీవీ అని నాకు చెప్పిందెవురు? అబద్ధం చెప్పిందెవురు?" అని కేకలేస్తున్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక విచిత్రమైన పంపకం నడిచింది. ఏదైనా జరిగితే అది పిన్నమ్మ నోటి దోషమని పెద్దమ్మ. వియ్యపురాలి కంటి దోషమని మా అమ్మ. ఆడవాళ్ళ అబద్ధపు దోషమని పెద్దనాయన. బిడ్డకు ఇంకా పేరు లేదు, ముఖం లేదు. పోతే ఎవరి పద్దులో వేయాలో మాత్రం ముందుగానే వాటాలు తేల్చుకున్నారు. బతుకుతుందేమోనన్న లెక్క ఎవరూ వేయలేదు.

"ఊడదీసెయ్" అంది పెద్దమ్మ. "దారం ఉండ చుట్టి పెట్టు. అల్లనట్టే అయితాది."

"ఊడదీయను అక్కా."

"నీ మంచికే చెప్తాండా."

"పోయినసారి టోపీ గూడా మీరు ఊడదీపిచ్చినారు. వాడు తిరిగొచ్చినాడా?"

మా ఇంట్లో పెద్దమ్మకు అట్లా జవాబు చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు. మర్నాటి నుంచి పిన్నమ్మ వసారాలోకి వచ్చి, దారిన పోయేవాళ్ళందరూ చూసేట్టు కూర్చుని అంచు అల్లింది. అడిగినవాళ్ళకు బిడ్డకని చెప్పింది. నేను పక్కన కూర్చుని కుట్లు లెక్కపెట్టాను. ఆ అంచు ఈనాటికీ గీత గీసినట్టు ఉంటుంది.

ఎండలు ముదిరాక కర్నూలు ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. మళ్ళీ నెలలు నిండకుండానే. ఊరంతా ఉడికిపోతుంటే ఆ పిల్లకు వెచ్చదనం చాలదని గాజుపెట్టెలో పెట్టారు. నేనూ పెద్దమ్మా బస్సులో పోయాం. దుప్పటి సంచిలో తీసుకుపోతే, ఊలు లోపలికి తేకూడదని నర్సు వెనక్కి పంపింది. వరండాలో బెంచీ మీద పెద్దమ్మ నాతో, లోపల మంచం మీద ఉన్న పిన్నమ్మకు వినపడేంత గట్టిగానే, "ఆ నోరు ఊరుకుండి ఉంటే ఈ గతి పట్టునా?" అంది.

లోపలి నుంచి పిన్నమ్మ గొంతు వచ్చింది. "ఉండక్కా. బతుకుతాదో లేదో చూసినాక మాట్లాడుకుందాం."

పిల్ల బతికింది. ఒళ్ళు పట్టింది, గొంతెత్తి ఏడ్చింది, గాజుపెట్టెలోంచి బయటికి వచ్చింది. డాక్టరు ఈసారి మొదటి నుంచీ రక్తపోటు చూస్తూ మందులిచ్చారు కాబట్టి గండం గడిచిందని చెప్పారు. ఈ మాట కూడా మావాళ్ళు వినలేదు.

పాతరోజులు బంగారమనేవాళ్ళు నాకు చాలామంది తగులుతుంటారు. మా ఇంటి పసుపు వాసన నాకూ ఇష్టమే, ఇప్పుడు ఆ వాసన ఏ ఇంట్లోనూ లేదు. ఇప్పటివాళ్ళ దూది మబ్బులు చూస్తే నాకు నవ్వొస్తుంది, వాళ్ళు కొన్న దుప్పటి పట్టుకుంటే కోపమొస్తుంది, దాన్ని ముట్టుకోకుండానే మురిసిపోయేవాళ్ళను చూస్తే ఇంకా కోపం. అయితే ఆ హాల్లో నిండుచూలాలు బిడ్డకని తెచ్చిన వస్తువును బిడ్డకనే చెప్పుకుంది. రేపు ఏదైనా తేడా వస్తే వాళ్ళు పరీక్షల కాగితాలు తీసి చూస్తారు, ఆమె చేతుల వైపు చూడరు. పని చేతకానివాళ్ళు ఆ ఒక్కటీ మా కంటే మేలుగా నేర్చుకున్నారు. మా ఇంట్లో పని వచ్చినవాళ్ళుండేవాళ్ళు, కుట్టు తప్పితే ఊరుకునేవాళ్ళం కాదు. ఒక ఆడమనిషి మీద కొండంత నింద వేసేటప్పుడు మాత్రం ఎవరూ రెండోసారి లెక్క సరిచూడలేదు.

పేరు పెట్టే రోజున ఇల్లు నిండా చుట్టాలు. ఊయల్లో దుప్పటిని నాలుగు మడతలు పెట్టి పరిచి, దాని మీద పలుచటి పాత పంచె వేసి పిల్లను పడుకోబెట్టారు. అంత ఎండలో కప్పడానికి అది ఎట్లాగూ పనికిరాదు. పిల్ల బతికేసరికి ఈసారి కూడా వాటాలు మొదలయ్యాయి. "టీవీకని చెప్పమన్నది నేనే. ఆ ఉపాయమే కాపాడింది" అని పెద్దమ్మ. "నేను అప్పుడే దిష్టి తీసినా గదా వదినా" అని వియ్యపురాలు. ఆడపిల్లే పుడుతుందని తనకు ముందే తెలుసని పెద్దనాయన. చిన్నాయన అందరికీ తాంబూలాలిస్తూ తల ఊపుతున్నాడు. పిన్నమ్మ ఊయల పక్కన పీట మీద కూర్చుని, సందడి కాస్త తగ్గేదాకా ఆగింది.

"అక్కా" అంది. "దీనికి గూడా ముందే అల్లినా. అందరికీ చెప్పి అల్లినా. దీనికేం కాలేదు గదా?"

"సల్లగా ఉండనీ. ఏమైతాది?" అంది పెద్దమ్మ.

"అట్లయితే వాడు నేను అల్లినందుకు పోలేదు గదా?"

తాంబూలం పళ్ళెం చిన్నాయన చేతిలో ఆగిపోయింది. పెద్దమ్మ లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది. ఆశ్చర్యంగా, నిజంగానే ఆశ్చర్యంగా చూస్తూ అంది.

"ఎవురన్న్యారమ్మే నిన్ను? అట్లని ఎవురన్న్యారు?"

పిన్నమ్మ వరసగా అందరి ముఖాలూ చూసింది. పెద్దనాయన తల అడ్డంగా ఊపాడు. మా అమ్మ కూడా ఊపింది. చిన్నాయన తమలపాకులు సర్దుకుంటున్నాడు. పిన్నమ్మ ఆయన తలెత్తుతాడేమోనని చూసింది. ఆయన ఎత్తలేదు.

"సరేలే అక్కా" అంది పిన్నమ్మ. "ఎవురూ అనలేదు." వంగి, రెండు చేతులతో పిల్లను ఊయల్లోంచి ఎత్తుకుంది.